ఆర్మింటా వేషం

వర్డెల్ టాండీ ముప్ఫై ఒక్క ఏళ్ళు హార్లో రేవు స్కూలు వంటింట్లో పనిచేసింది. అందులో పంతొమ్మిదేళ్ళు నేను ఆమె పక్క పొయ్యి దగ్గర ఉన్నాను. పెద్ద మనిషి, పెద్ద గొంతు. పిల్లలు పళ్ళేలు పట్టుకుని ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటుంటే, గుండిగ ముందు నుంచి కదలకుండా "వరస" అనేది, ఒక్కసారే. రెండోసారి అనాల్సిన అవసరం నేనున్నన్నాళ్ళూ రాలేదు. ఇద్దరు మొగుళ్ళు. ఒకడు పోయాడు, ఒకడు వెళ్ళిపోయాడు. పిల్లలు లేరు. ఆదివారం చర్చిలో పాడేది, శనివారం పేకాటలో తొండి చేసేది. రెండూ అందరికీ తెలిసినవే.

ఆగస్టు ఎనిమిది మా వాళ్ళ పండగ. బానిసత్వం పోయిందన్న కబురు కెంటకీలో మా మూలకి ఆ రోజే చేరిందని పెద్దవాళ్ళు చెప్పేవారు. డెట్రాయిట్, ఇండియానాపోలిస్, సెయింట్ లూయిస్ వెళ్ళి స్థిరపడినవాళ్ళు వారం ముందే దిగిపోతారు. చర్చి వెనక గొయ్యి తవ్వి గొర్రె మాంసం పొగ మీద వేస్తారు. తెల్ల గౌన్ల ఆడవాళ్ళు ఊరేగింపులో నడుస్తారు. ఆ వారం శనివారం మూడు గంటలకి మాత్రం అందరూ గుట్ట మీది శ్మశానానికి చేరతారు. పెటస్ మాస్టారు అక్కడ ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. ఎనిమిది సమాధుల దగ్గర ఎనిమిది మంది పాతకాలపు బట్టలు వేసుకుని నిలబడి, ఆ సమాధిలో ఉన్నవాళ్ళు తామే అయినట్టు తమ కథ చెప్తారు. జనం గుంపులుగా ఒక సమాధి నుంచి ఇంకో సమాధికి నడుస్తారు. ఊళ్ళో దాన్ని సమాధుల నడక అంటారు.

పెటస్ మాస్టారు మా నల్లపిల్లల పాత బడిలో ఇరవై ఏళ్ళు లెక్కలు చెప్పాడు. బడి మూతపడ్డాక జిల్లా కచేరీలో పాత కాగితాలు తిరగేస్తూ కూర్చునేవాడు. నడకలో ఎవరేం చెప్పాలో అంతా ఆయనే రాశాడు. అందులో ఆఖరి సమాధి ఆర్మింటాది.

ఆర్మింటా మంత్రసాని. నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ పురుళ్ళు పోసింది. 1913 వరదలో నది గట్టు కింద ఉన్న మా పాత శ్మశానం కొట్టుకుపోయి, శవపేటికలు నీళ్ళలో తేలాయి. గుట్ట మీద రెండెకరాలు ఇమ్మని చర్చివాళ్ళు లాంగ్‌డన్ దొర చుట్టూ ఆర్నెల్లు తిరిగారు. మరుసటి జనవరిలో లాంగ్‌డన్ భార్యకి కాన్పు కష్టమైంది. ఆర్మింటా వెళ్ళి తల్లినీ బిడ్డనీ దక్కించింది. దొర సంతోషించి ఆ రెండెకరాలు రాసిచ్చాడు. మాకు పూడ్చుకోవడానికి జాగా దొరికింది అలాగ. ఊళ్ళో ఈ కథ తెలియనివాళ్ళు లేరు.

వర్డెల్ ఆర్మింటాకి కొడుకు కూతురు. మొదట్లో ఆ వేషం పాస్టరు భార్య కట్టేది. 1988లో ఆయనకి వేరే ఊరు బదిలీ అయ్యింది. అప్పుడు పెటస్ మాస్టారు మా వంటింటి వెనక గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నీ సొంత నాయనమ్మే కదమ్మా. నువ్వు కడితేనే అందం."

"నాకు నాటకాలు రావు మాస్టారూ."

"నాటకం ఎవడాడమన్నాడు? పిల్లల్ని వరసలో పెడతావే, అలా చెప్పు చాలు."

చెప్పింది. తెల్ల ఏప్రను కట్టుకుని, నల్లతోలు సంచీ పట్టుకుని, బూడిదరంగు రాయి పక్కన నిలబడి చెప్పింది. చివర్లో రెండు చేతులూ ముందుకు చాపి, "పన్నెండు వందల పురుళ్ళు పోశాను. ఒక్క తల్లిని పోగొట్టుకోలేదు," అనేది. ఆ మాట దగ్గర మగవాళ్ళు కూడా టోపీలు తీసేవారు. డెట్రాయిట్ నుంచి వచ్చిన ముసలమ్మలు ఆ చేతులు పట్టుకుని, "నన్ను భూమ్మీద వేసింది ఈ చెయ్యే," అని ఏడ్చేవారు. వర్డెల్ నాయనమ్మని చూడనైనా లేదు. ఈమె పుట్టేసరికి ఆవిడ పోయి రెండేళ్ళు. అయినా ఆ ఏడ్చేవాళ్ళని వారించేది కాదు.

పన్నెండేళ్ళు ఆ వేషం ఆమెదే. వేషం ఆగస్టులోనే అయినా పేరు ఏడాదంతా ఉండేది. కిరాణా కొట్లో "ఏం ఆర్మింటమ్మా" అని పలకరించేవారు. కడుపుతో ఉన్న పిల్లలు పొట్ట మీద చెయ్యి పెట్టమనేవారు. పెట్టేది. "ఆడపిల్లే" అని జోస్యం కూడా చెప్పేది. సగం సార్లు తప్పేది.

"ఒక్క పురుడైనా చూశావా నువ్వు?" అని ఓసారి అడిగాను.

"పిల్లి ఈనుతుంటే చూశాను. అది నా సాయం అడగలేదులే," అంది.

1998లో ఓజెల్లా ఊరికి తిరిగొచ్చింది. ఓజెల్లా అంటే వర్డెల్ మేనత్త లూడీ కూతురు, వర్డెల్ కన్నా ఇరవై ఏడేళ్ళు పెద్ద. తల్లి లేని పిల్లని ఆర్మింటానే పెంచింది. పెళ్ళై పిల్లలు పుట్టాక ఇండియానాపోలిస్ వెళ్ళిపోయి, యాభై ఏళ్ళు అక్కడే బట్టలు కుట్టి బతికింది. ఇప్పుడు తుంటి ఎముక విరిగి, చక్రాల కుర్చీలో, వర్డెల్ ఇంటి ముందుగదిలోకి చేరింది. ఆ యాభై ఏళ్ళలో పెళ్ళిళ్ళకీ చావులకీ వచ్చింది గాని, ఎనిమిదో తారీఖు పండక్కి ఒక్కసారీ రాలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. కుట్టుపని తెమలదేమో అనుకున్నాం.

తిరిగొచ్చిన ఏడాది నడుము నొప్పి అని ఇంట్లోనే ఉండిపోయింది. మరుసటేడు వర్డెల్ ఊరుకోలేదు.

"నువ్వు రావాలి వదినా. మీ అమ్మమ్మ వేషం నేనెలా కడుతున్నానో చూసి, తప్పులుంటే చెప్పాలి."

"ఇంట్లో ఆవిణ్ణి చూసినదాన్ని నేనొక్కదాన్నే బతికున్నాను. నేనొచ్చి తప్పులు చెప్తే నీకు బాగుంటుందా?"

"చెప్పవే తల్లీ, దిద్దుకుంటాను."

"సరే. గొడుగు పెట్టు," అంది ఓజెల్లా.

కుర్చీ నేనే తోసుకెళ్ళాను. ఎండ దంచేస్తోంది. ఓజెల్లా అన్ని సమాధుల దగ్గరా కుదురుగా విన్నది. మంగలి వేషం కట్టినతను తడబడితే నవ్వింది కూడా. ఆర్మింటా దగ్గరికి వచ్చాం. వర్డెల్ ఆ రోజు ఎప్పటికన్నా బాగా చెప్పింది, ముందు వరసలో సొంత మనిషి ఉందని కాబోలు. చేతులు చాపి ఆఖరి మాట అంది. టోపీలు దిగాయి. ఓజెల్లా ఒళ్ళో ఉన్న కాగితప్పంకా మడిచి సంచీలో పెట్టుకుంది.

జనం గుట్ట దిగి చేపల పొయ్యిల వైపు వెళ్ళారు. వర్డెల్ ఏప్రను విప్పుకుంటూ వచ్చింది.

"ఎలా ఉంది వదినా?"

"గొంతు బాగుంది. నన్ను ఆ మూలకి తీసుకెళ్ళండి."

శ్మశానానికి వాయవ్యం మూల, ముళ్ళకంచె పక్కన, ఎర్ర దేవదారు ఒకటుంది. అక్కడ రాళ్ళేమీ లేవు. గడ్డి కోసేవాళ్ళు కూడా అంతవరకూ వెళ్ళరు. నేను కుర్చీ తోయలేక తోస్తుంటే వర్డెల్ ముందు చక్రాలు ఎత్తి పట్టుకుంది. ఓజెల్లా చెయ్యి చూపించి ఆపింది.

"ఇక్కడే ఎక్కడో. కర్ర పాతారట, అది చివికిపోయింది."

"ఎవరు?"

"మా అమ్మ. నీ మేనత్త."

వర్డెల్‌కి తెలిసినదల్లా, లూడీ అని ఒక మేనత్త ఉండేదనీ, చిన్నవయసులోనే పోయిందనీ. తండ్రి హోసియా అక్క పేరు ఇంట్లో ఎప్పుడూ ఎత్తేవాడు కాదు.

ఓజెల్లా గొంతు పెంచకుండా చెప్పింది. "లాంగ్‌డన్ దొర బండి వచ్చింది పొద్దున్నే. అప్పటికి మా అమ్మకీ నొప్పులు మొదలయ్యాయి. పందొమ్మిదేళ్ళ పిల్ల, తొలి చూలు. 'సాయంత్రందాకా పట్టేట్టుంది, నువ్వెళ్ళి వచ్చెయ్యమ్మా' అందట మా అమ్మే. అమ్మమ్మ వెళ్ళింది. అక్కడ దొరసానికి రెండు రోజులు పట్టింది. ఇక్కడ మధ్యాహ్నానికల్లా నేను పుట్టేశాను. రక్తం ఆగలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళకి ఏం చెయ్యాలో తెలీలేదు. అమ్మమ్మ మర్నాడు సాయంత్రం వచ్చేసరికి కళ్ళు మూసి, దవడకి గుడ్డ కట్టేసి ఉంచారు."

వర్డెల్ ఏప్రను చేతిలో అలాగే ఉంది.

"ఈ గుట్ట మీద మొట్టమొదట పూడ్చింది మా అమ్మనే," అంది ఓజెల్లా. "కాగితాలింకా రాయకముందే. దొర ఒప్పుకున్నాడట."

"నేల కోసం వెళ్ళిందా వదినా, నాయనమ్మ?"

"అది నాకూ తెలీదు. ఎప్పుడూ చెప్పలేదు, నేనడగలేదు. ఆ రోజుల్లో తెల్లవాళ్ళ బండి నీ గుమ్మంలో ఆగితే, దేనికోసం వెళ్తున్నావని ఎవరడుగుతారు? ఎక్కడమే." కుర్చీ చక్రం మీద చెయ్యి వేసి, "ఇంక పదండి, చేపలైపోతాయి," అంది.

చేపలు తిన్నాం. ఓజెల్లా రెండు ముక్కలు తింది. వర్డెల్ ముట్టుకోలేదు.

ఆ సెప్టెంబరులో వర్డెల్ పెటస్ మాస్టారింటికి వెళ్ళింది, నన్ను తోడు తీసుకుని. ఆయన వసారాలో బఠాణీలు ఒలుస్తున్నాడు. అప్పటికి ఆయనకి డెబ్భై ఎనిమిదేళ్ళు. వర్డెల్ కూర్చోకుండానే ఉన్న సంగతి చెప్పింది. ఆయన ఆశ్చర్యపోలేదు.

"చర్చి పద్దుల పుస్తకంలో ఉంది," అన్నాడు. "'లూడీ, ఆర్మింటా కూతురు, జనవరి, కొత్త జాగా.' దస్తావేజు మీద తేదీ మార్చి. దొర బిడ్డ పుట్టిందీ ఆ జనవరిలోనే. అన్నీ కలిపి చూశాక నాకు అర్థమైంది."

"ఎప్పుడు చూశారు?"

"ఆ కథ రాయకముందే."

"చూసి కూడా అలా రాశారా?"

"నేను రాసింది అబద్ధం కాదు వర్డెల్. పురుడు పోసినవాళ్ళలో ఒక్క తల్లీ పోలేదు. లూడీకి ఆవిడ పురుడు పొయ్యలేదుగా." అని, బఠాణీ గిన్నె పక్కన పెట్టాడు. "పిల్లలొచ్చి వింటారమ్మా. ఏడాదికొక్క రోజు. ఆ ఒక్క రోజూ మనవాళ్ళు మంచిగా ఉండగా చూడాలని ఉండదూ?"

వర్డెల్ వసారా మెట్లు దిగింది. ఇంటికొచ్చి ఓజెల్లాకి ఈ మాట చెప్పింది. ఓజెల్లా చొక్కా గుండీ కుడుతోంది. తల ఎత్తకుండా అంది, "మాస్టారు చెప్పింది నిజమే. అమ్మమ్మ చేతిలో ఉంటే మా అమ్మ పోయేది కాదు."

"అయితే ఈసారి అదంతా చెప్పేస్తాను వదినా. జనం ముందు. లూడీ అత్త సంగతి."

"మా అమ్మని నీ నాటకంలో పెట్టావంటే నేనొప్పుకోను."

"మరేం చెయ్యమంటావ్?"

"నన్నడుగుతావేం? వేషం కట్టేది నువ్వు."

ఆ చలికాలమంతా వర్డెల్ ఆ సంగతి ఎత్తలేదు. వంటింట్లో ఎప్పట్లాగే ఉండేది. ఒక్కటి గమనించాను. ఎవరైనా కడుపుతో ఉన్న పిల్ల దగ్గరికొస్తే, చేతులు కడుక్కునే వంకతో లోపలికి వెళ్ళిపోయేది.

2000 ఆగస్టు వచ్చింది. ఓజెల్లా ఇంట్లోనే ఉండిపోయింది. ఆ ఏడు జనం బాగా వచ్చారు. ఆర్మింటా సమాధి దగ్గర రెండు వందల మంది ఉండుంటారు. వర్డెల్ అన్నీ వరసగా చెప్పింది. వరద, తేలిన పేటికలు, దొర బండి, రెండెకరాలు. చేతులు చాపింది. "పన్నెండు వందల పురుళ్ళు పోశాను," అంది. ఆగిపోయింది.

జనం ఎదురు చూశారు. మర్చిపోయిందనుకున్నారు. డెట్రాయిట్ నుంచి ఏటా వచ్చే ఫ్లాయిడ్ గారని ఒకాయన, కార్ల కర్మాగారంలో పనిచేసి మానేసినాయన, మెల్లిగా అందించాడు. "ఒక్క తల్లిని పోగొట్టుకోలేదు." ఇంకొకావిడ అందుకుంది. ఆ వెనక ఇంకొందరు. చూస్తుండగానే గుట్ట మీద సగం మంది ఆ మాట గట్టిగా అంటున్నారు, పాటకి వంతపాడినట్టు. వర్డెల్ నోరు విప్పలేదు. చేతులు చాపి అలాగే నిలబడింది. వాళ్ళు రెండుసార్లు అని, మూడోసారి అనబోయి, ఆమె మొహం చూసి తగ్గిపోయారు. అప్పుడు చేతులు దించి, సంచీ తీసుకుని, రాయి పక్క నుంచి నడిచి వెళ్ళిపోయింది.

ఫ్లాయిడ్ నన్ను పట్టుకున్నాడు. "ఒంట్లో బాలేదా ఏంటి ఆవిడకి?"

"మాట రాలేదంతే," అన్నాను.

పదిహేను రోజులకి పండగ కమిటీ కూర్చుంది. ఏడుగురు. వర్డెల్‌ని పిలిచి అడిగారు. లూడీ పేరు ఎత్తనని ఓజెల్లాకి మాటిచ్చినట్టే కదా అనుకుంది, అందుకని "ఆ ముక్క నేను అనలేను" అని మాత్రం చెప్పింది. ఎందుకనలేవంటే, అనలేనంతే అంది. పెటస్ మాస్టారు అక్కడే ఉన్నాడు. బల్ల మీద గీత గీస్తూ కూర్చున్నాడు. ఆయన నోరు విప్పితే సంగతి తేలిపోయేది. విప్పలేదు.

వేషం మార్వాకిచ్చారు. మార్వా పళ్ళ డాక్టరు దగ్గర గుమాస్తా, ముప్ఫై నాలుగేళ్ళది, చక్కని పిల్ల. ఏప్రనూ తోలు సంచీ వర్డెల్ తనే ఉతికి, తుడిచి, తీసుకెళ్ళి ఇచ్చింది.

"అక్కా, నీకేం కోపం లేదుగా," అంది మార్వా.

"లేదే. ఏప్రను నడుం దగ్గర వదులు. పిన్నీసు పెట్టుకో."

కోపం లేదు గాని, దిగులుంది. కిరాణా కొట్లో పాత పేరుతో పిలవడం మానేశారు. పనిగట్టుకుని మానలేదు, దానంతటదే పోయింది. మరుసటేడుకి మార్వాని ఆర్మింటమ్మా అంటున్నారు. వర్డెల్ ఓ రోజు క్యాబేజీ తరుగుతూ నాతో అంది, "నా పేరు కాదని తెలుసు. అయినా ఎవరో ఎత్తుకుపోయినట్టుంది, చూడు."

ఓజెల్లాకి వేషం పోయిన సంగతి తెలిసినప్పుడు మొదట నవ్వింది. తరవాత చేతిలో కుట్టు పక్కన పెట్టేసింది. ఆ సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను, చిక్కుడుగింజలూ మొక్కజొన్న రొట్టే పట్టుకెళ్ళి. తింటూ తింటూ ఓజెల్లా తనంతట తనే మొదలుపెట్టింది.

"నా ఇద్దరు పిల్లలకీ పురుళ్ళు అమ్మమ్మే పోసింది. అప్పటికి అరవై అయిదు దాటాయి. నాకు నెలలు నిండుతున్నాయనగా వచ్చి నా మంచం పక్కన కుర్చీ వేసుకుంది. పధ్నాలుగు రోజులు. దొడ్లోకి తప్ప లేవలేదు. ఎవరెవరో వచ్చి గుమ్మంలో ఏడ్చేవారు, మా ఆవిడకి నొప్పులొచ్చాయని. రానని చెప్పేసేది. తెల్లవాళ్ళొచ్చినా రానంది. పడవరేవు దగ్గరి పిల్ల ఒకతి పక్కింటావిడ చేతుల్లో నానా అగచాట్లూ పడి కంది. నేను చెప్పాను, వెళ్ళమ్మమ్మా, నాకింకా టైముందీ అని. నావైపు చూసిన చూపుకి మళ్ళీ ఆ మాటెత్తలేదు."

"మీ అమ్మా అదే మాటంది కదా," అంది వర్డెల్.

"అదే మాట. అది నాకు అప్పుడు తెలీదు."

రొట్టె చల్లారిపోయింది. ఓజెల్లా పళ్ళెం పక్కకి జరిపి, "వచ్చే ఎనిమిదో తారీఖు పండక్కి నన్ను ఆ దేవదారు దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టండి. అటు వాళ్ళ నాటకం వాళ్ళాడుకుంటారు. నేను మా అమ్మ దగ్గర కూర్చుంటాను," అంది.

అలాగే చేశాం. 2001లో వర్డెల్ ముందురోజే వెళ్ళి ఆ మూల గడ్డి కోసింది. మడత కుర్చీలు రెండు, పొగ మాంసం పెట్టిన రొట్టెలు, ఎర్ర సోడాలు పట్టుకెళ్ళాం. ఓజెల్లా నీలం గౌను వేసుకుంది, తను కుట్టుకున్నదే. అక్కడి నుంచి మార్వా గొంతు వినిపిస్తూనే ఉంది. బాగా చెప్పింది, ఆఖరి మాటతో సహా. వర్డెల్ గొడుగు పట్టుకుని అటే చూస్తూ విన్నది.

నడక అయిపోయాక కంచె పక్క దారిన కొందరు కార్ల దగ్గరికి వెళ్తున్నారు. ఒకమ్మాయి ఆగి, చేతిలో కార్యక్రమం కాగితం తిరగేసి, "మీరు ఎన్నో నంబరండీ? ఇందులో లేదు. ఎవరి వేషం?" అని అడిగింది.

వర్డెల్ నోరు తెరిచింది. ఓజెల్లా ఆమె మోచేతి మీద చెయ్యి వేసింది.

"వేషం కాదమ్మా. మా అమ్మ ఇక్కడుంది. పక్కన కూర్చున్నాను."

"ఎక్కడండీ? రాయి లేదే?"

"లేదు. ఈ చుట్టుపక్కలే. పేరు లూడీ. నన్ను కని పోయింది. అదే రోజు వాళ్ళమ్మ దొర ఇంట్లో పురుడు పోస్తోంది. ఆ పురుటికే ఈ నేల వచ్చింది."

నాలుగు ముక్కలు. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, జనం చెదిరిపోతున్న ఆర్మింటా రాయి వైపు చూసింది, మళ్ళీ గడ్డి వైపు చూసింది. కింద కూర్చుంది. ఆమె వెనకాల వచ్చినవాళ్ళు ఆమె ఎందుక్కూర్చుందో చూద్దామని ఆగారు. ఓజెల్లా మళ్ళీ అవే ముక్కలు చెప్పింది, ఒక్క మాట ఎక్కువ లేకుండా. ఆ రోజు పదిమందికి చెప్పిందేమో. అందులో ఫ్లాయిడ్ ఒకడు. ఆయన విని, టోపీ చేతిలో తిప్పుతూ, వర్డెల్‌తో అన్నాడు, "కిందటేడు నీచేత ఆ మాట అనిపించాలని చూసింది మేమేనన్నమాట."

"నేననలేదుగా," అంది వర్డెల్.

"అదే. మేమే అన్నాం."

ఆ తరవాత రెండేళ్ళూ ఓజెల్లా అక్కడే కూర్చుంది. ఏటేటా మనుషులు పెరిగారు. కమిటీవాళ్ళు వచ్చి, తొమ్మిదో నంబరుగా వేస్తాం, పాత గౌనొకటి ఏర్పాటు చేస్తాం అన్నారు. ఓజెల్లా వద్దంది. రాయి వేయిస్తాం అన్నారు. సరిగ్గా ఎక్కడో తెలీకుండా రాయి ఎక్కడ వేస్తారు, వేరేవాళ్ళ గుండెల మీద వేస్తారా అంది. వర్డెల్‌కి అన్నిటికన్నా కష్టమైన పని అక్కడ నోరు మూసుకుని గొడుగు పట్టుకోవడం. ఓజెల్లా ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన చోట, వర్డెల్ అయితే చేతులు చాపి జనాన్ని ఏడిపించగలదు. అది ఇద్దరికీ తెలుసు. ఓసారి ఉండబట్టలేక, "పందొమ్మిదేళ్ళ బంగారు తల్లి" అని అందుకుంది. ఓజెల్లా తల తిప్పి, "నువ్వు చూశావా?" అంది. వర్డెల్ మళ్ళీ అందుకోలేదు.

2003లో పెటస్ మాస్టారు కర్ర పట్టుకుని మూల దాకా వచ్చాడు. నేను నా కుర్చీ ఇచ్చాను. ఆయన ఓజెల్లా పక్కన ఒక గంట కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో, వంటల దగ్గర ఎవరో పిలిస్తే వెళ్ళాను, నాకు తెలీదు. ఆ చలికాలంలో ఆయన మార్వాని పిలిచి కాగితం మార్చి ఇచ్చాడు. "నేను పురుడు పోసినవాళ్ళలో ఒక్క తల్లి కూడా పోలేదు. నా కూతురికి నేను పురుడు పోయలేదు." అంతే రాశాడు. మార్వా మొదటిసారి ఆ మాట అన్నప్పుడు ఎవరూ టోపీ తీయలేదు. ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయారు. మార్వాకి అది నచ్చలేదు. ఇంటికెళ్ళి ఏడ్చిందట. మరుసటేడు కూడా అలాగే అంది, ఆపై ఏడూ అంది.

ఆ మొదటిసారి వినడానికి ఓజెల్లా లేదు. 2004 ఫిబ్రవరిలో, తొంభై నిండి నెల తిరక్కుండానే, నిద్రలో పోయింది. ఇండియానాపోలిస్‌లో మొగుడి పక్కన పూడ్చమని ముందే చెప్పింది. పిల్లలు వచ్చి తీసుకెళ్ళారు. తల్లి పక్కన పడుకుంటుందని మేమంతా అనుకున్నాం. వర్డెల్ అడిగిందట కూడా. "ఆయనతో యాభై ఏళ్ళున్నాను. అమ్మతో ఒక్క పూట," అందట.

వర్డెల్ 2006లో ఉద్యోగం మానేసింది. ఏటా ఆ పండగ శనివారం మాత్రం గడ్డి కోసి, కుర్చీ వేసుకుని, దేవదారు కింద కూర్చుంటుంది. అడిగినవాళ్ళకి ఆ నాలుగు ముక్కలూ చెప్తుంది. ఎవరూ అడగకపోతే ఊరికే కూర్చుంటుంది. మొన్నటి పండక్కి వాన పడింది. నడకంతా చర్చి హాల్లోకి మార్చేశారు. మేమిద్దరం కంచె పక్కన కారు ఆపుకుని, అద్దాలు దించుకుని, నాలుగు గంటల దాకా ఉన్నాం. ఒక్కరూ రాలేదు. వర్డెల్ మధ్యలో ఒక కునుకు తీసింది. లేచాక తడి గడ్డి వైపు చూసి, దేవదారు ఈ ఏడు ఒక పక్కకి ఎండుతోంది, చెట్లవాడికి కబురు చెయ్యాలి అంది. నేను కారు తీశాను.